గీత ఇంకా పడుతోంది

ఆదివారం, మారతహళ్లి

మా ఆయనకి జ్వరం పోయింది, ఆకలి కూడా మామూలైంది. రాత్రి ముద్దపప్పు, ఆవకాయ అడిగి మరీ తిన్నారు. దాంతో తనకి కరోనా తగ్గిపోయిందని ఆయన తీర్మానించేశారు. తగ్గడం వేరు, ఇంకొకరికి అంటించకపోవడం వేరు అని నేను. లోపలి గదిలో నాన్న ఉన్నారు. షుగరు, దానికి తోడు ఊపిరితిత్తుల జబ్బు. ఇన్‌హేలర్ లేనిదే ఒక అంతస్తు కూడా ఎక్కలేరు. నా టెన్షనంతా అదే.

అందుకని పొద్దున మళ్లీ ఇంట్లో చేసుకునే కరోనా యాంటిజెన్ టెస్ట్ కిట్ తీశాం. చుక్కలు వేసి ఫోన్లో టైమర్ పెట్టా. సీ దగ్గర, అంటే కిట్ పనిచేస్తోందని చూపించే చోట, గీత వెంటనే పడింది. వైరస్ ఉంటే గీత పడే టీ దగ్గర ఏమీ లేదంటూ అప్పుడే బయటికి రాబోయారు. పదిహేను నిమిషాలు కానివ్వండి అన్నాను. టైమర్ మోగాక కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే, పెన్సిల్‌తో గీసి చెరిపేసినట్టు లేత గులాబీ గీత.

"ఇదీ ఒక గీతేనా?"

గీతే. చెప్పిన టైములోపల కనిపిస్తే ఎంత లేతగా ఉన్నా పాజిటివే. కొందరు గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూసుకుని కంగారు పడతారు, దానికి మాత్రం విలువ లేదు.

అసలు జ్వరం వచ్చిన రాత్రి ఇదే రకం కిట్ నెగెటివ్ చూపించింది. ఈ టెస్ట్ పట్టుకునేది వైరస్‌లోని న్యూక్లియోక్యాప్సిడ్ అనే ప్రొటీన్‌ని. అది ముక్కులో బాగా పేరుకుంటే తప్ప గీత రాదు. మొదటిరోజు నెగెటివ్ చూసి పెళ్లిళ్లకీ ఆఫీసులకీ వెళ్లేవాళ్లని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. లక్షణాలుండి నెగెటివ్ వస్తే 48 గంటలాగి మళ్లీ చేసుకోమని, లక్షణాలే లేకపోతే మొత్తం మూడుసార్లు చేసుకోమని అమెరికాలో మందులకీ టెస్టులకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022లోనే చెప్పింది. మేమూ అలాగే ఆగి చేస్తే, టీ గీత సీ కన్నా ముదురుగా పడింది.

పక్క ఫ్లాట్ ఆంటీది నెల్లూరు. గుమ్మంలో దూరంగా నిలబడి, "ఇదంతా ఎందుకమ్మా, ల్యాబ్‌వాళ్లని పిలిచి ఆర్టీపీసీఆర్ చేయించు, అదే కరెక్టు" అన్నారు. జ్వరం వచ్చిన రోజుకైతే ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం. 2021 మే నెలలో ఇంటి కిట్లకి అనుమతిచ్చినప్పుడు మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా, లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించుకోమంది. ఇప్పుడు నాకు కావలసింది మాత్రం వేరే జవాబు. పీసీఆర్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని లక్షలరెట్లు పెంచి చూస్తుంది. బతికున్న వైరస్ పోయాక కూడా ఆ ముక్కలు వారాల తరబడి ముక్కులో ఉండొచ్చు. దాన్ని నమ్ముకుంటే ఈయన నెలంతా ఆ గదిలోనే.

ల్యాబుల్లో కణాల మీద వైరస్‌ని పెంచి చూసినప్పుడు, వైరస్ పెరిగిన రోజులకీ యాంటిజెన్ గీత పడ్డ రోజులకీ చాలావరకు పొంతన కుదిరింది. పూర్తిగా కాదు. చివర్లో లేత గీత ఉన్నా వైరస్ పెరగని సందర్భాలున్నాయి, గీత లేకుండా పెరిగినవీ ఉన్నాయి. ముక్కులో పెట్టే దూదిపుల్ల సరిగ్గా తిప్పకపోయినా గీత లేతబడుతుంది. ఇంట్లో కుర్రవాళ్లే ఉంటే ఈ లేత గీతకి ఇంత పట్టింపు పెట్టుకునేదాన్ని కాదేమో. నాన్న ఉన్నారు కాబట్టి వైరస్ ఉందనే అనుకుంటా.

మధ్యాహ్నం పళ్లెం మళ్లీ తలుపు బయటే పెట్టాను. రెండు గదుల కిటికీలూ తెరిచే ఉన్నాయి, దోమలొస్తున్నాయని నాన్న సణుగుతున్నారు. ఎల్లుండి ఇంకో టెస్ట్. అందులో నెగెటివ్ వచ్చినా మర్నాడు కూడా వస్తేనే హాల్లోకి, అదీ మాస్కుతో అని చెప్పాను. కిట్లు రెండు ఆర్డర్ పెట్టాలి, ఇంట్లో ఉన్నవి అయిపోయాయి.