కౌలు లెక్క తేలిన రోజు

ఉదయం తొమ్మిది దాటాక కౌలురైతు వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోకుండా, "అబ్బాయిగారు రాలేదా అమ్మా?" అని అడిగాడు. తమ్ముడు రాలేదని అతనికి తెలుసు. అయినా ముందు ఆ మాట అనాలి. కోతల ముందు కురిసిన వానకు చేను పడిపోయిందని, ఎకరానికి రెండు బస్తాలు తగ్గించమని తర్వాత చెప్పాడు. అమ్మ లోపలికి వెళ్ళి, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉన్న లెక్కల పుస్తకం తెచ్చింది. నిరుటి పేజీ తీసి వేలు పెట్టి చదివింది. "నీళ్ళు నిలిచింది కాలువ పక్క ఎకరంలోనే. దానికి రెండు తగ్గిస్తాను. మెరక పొలానికి తగ్గించను" అంది. అతను కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

నాన్న పోయి ఆరేళ్ళు. "ఆయన పోయాక పాపం ఆవిడే అన్నీ చూసుకుంటోంది" అంటారు బంధువులు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆ పుస్తకంలో నాన్న బతికున్నప్పటి పేజీల్లోనూ ఉన్నది అమ్మ చేతిరాతే.

మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక, వారం రోజులుగా చదువుతున్న అడెలా కథ మళ్ళీ అందుకున్నాను. ఇంగ్లండును జయించిన విలియం కూతురు. ఫ్రాన్సులో లువార్ నది ఒడ్డున బ్లువా, దానికి ఉత్తరాన షార్త్ర్, ఆ ప్రాంతాల ప్రభువు స్టీఫెన్‌కు భార్య. 1096లో ఆయన మొదటి క్రూసేడుకు, అంటే జెరూసలేంను ముస్లింల నుంచి గెలుచుకోవడానికి క్రైస్తవులు సాగించిన యుద్ధానికి, వెళ్ళాడు. 1097లో దారిలోని నైసియా నుంచి భార్యకు రాసిన ఉత్తరంలో, ముందున్న ఆంటియోక్ నగరం అడ్డుపడకపోతే ఐదు వారాల్లో జెరూసలేం చేరతామని చెప్పాడు. ఆంటియోక్ ముట్టడికే దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. నగరం చేజిక్కే ముందే ఆయన వెనుదిరిగాడు. ఆ అపకీర్తి పోగొట్టుకోవడానికి మళ్ళీ వెళ్ళి, 1102లో రామ్లా దగ్గర ప్రాణాలు విడిచాడు.

నన్ను పట్టి ఆపింది 1098 మార్చిలో ఆంటియోక్ శిబిరం నుంచి ఆయన రాసిన మరో ఉత్తరం. చివర్లో, నీ భూమిని చక్కగా చూసుకో, పిల్లలనూ నీ మనుషులనూ తగినట్టుగా చూడు అంటాడు. 'నీ భూమి' అన్నాడు! అప్పటికి ఆవిడ వితంతువు కాదు. తగవులు తీర్చడం, మఠాలకు దానపత్రాలు ఇవ్వడం అన్నీ అప్పటికే ఆవిడ చేతిలో ఉన్నాయి. భర్త మరణం ఆవిడకు అధికారం తెచ్చిపెట్టలేదు. ఉన్న అధికారాన్నే మరో 18 ఏళ్ళు నడిపింది. 1105లో తన తమ్ముడు, ఇంగ్లండు రాజు హెన్రీకీ, అక్కడి పెద్ద మతాధికారి ఆర్చిబిషప్ ఆన్సెల్మ్‌కూ మధ్య రాజీ కుదర్చడానికి పూనుకున్నది ఆవిడే. 1107 ఈస్టరుకు పోప్ రెండో పాస్కల్ షార్త్ర్‌కు వస్తే ఆతిథ్యం ఇచ్చిందీ ఆవిడే.

రాజ్యమేలే స్త్రీ కనిపిస్తే, మొగుడు పోయి ఉంటాడనే అనుకుంటుంది లోకం. మన మోటుపల్లి సీమ గురించి రాసిన మార్కో పోలో కూడా, అక్కడి రాణి భర్త పోయాక నలభై ఏళ్ళుగా ఏలుతోందని రాశాడు. కానీ ఆ రాణి, మన రుద్రమ, గణపతిదేవుడి కూతురు. తండ్రి నుంచే సింహాసనం అందుకుంది.

సాయంత్రం టీ తాగుతూ ఇదంతా అమ్మకు చెప్పాను. క్రూసేడు సంగతి పెద్దగా పట్టించుకోలేదు. పెద్ద కొడుకు విలియంను పక్కన పెట్టి, అడెలా రెండోవాడు థియోబాల్డ్‌ను వారసుణ్ణి చేసిందనగానే గ్లాసు కింద పెట్టింది.

"మరి పెద్దవాడు ఊరుకున్నాడా?"

సల్లీ ప్రభువుల ఆడపడుచును పెళ్ళాడి, భార్య తరఫున వచ్చిన ఆస్తితో అక్కడే స్థిరపడ్డాడని చెప్పాను.

"ఇల్లరికం పంపిందన్నమాట. మిగతావాళ్ళో?"

స్టీఫెన్ అనే కొడుకును మేనమామ హెన్రీ రాజు దగ్గరికి పంపిందని, 1135లో అతనే ఇంగ్లండుకు రాజయ్యాడని, మరో కొడుకు క్లూనీ మఠంలో పెరిగి వించెస్టర్ బిషప్ అయ్యాడని, 1120 ప్రాంతంలో థియోబాల్డ్‌కు అంతా అప్పగించి తాను మార్సిన్యీ మఠానికి వెళ్ళిపోయిందని చెప్పాను. అమ్మ ఒక్కొక్కరినీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వింది.

"అందరికీ దారి చూపించాకే వెళ్ళింది" అని లేచి, పుస్తకం దారం విప్పి, కాలువ పక్క ఎకరం ఎదురుగా "2 తగ్గింపు" అని రాసుకుంది.