ఫిఫా అధ్యక్షులు: నేను జాబితా బట్టీ పట్టకుండా చదివిన తీరు

పోటీ పరీక్షలకు చదివే స్టాటిక్ జీకేలో క్రీడా సంస్థల అధ్యక్షుల పట్టిక కనబడగానే పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫాను మాత్రం వదలకండి ఫ్రెండ్స్. 1904లో ప్యారిస్‌లో పుట్టిన సంస్థకు ఇప్పటిదాకా ఎన్నికైన అధ్యక్షులు తొమ్మిది మందే.

నేను ఒకటో పేరు నుంచి మొదలుపెట్టలేదు. ముందు జూల్స్ రిమెట్‌ను పట్టుకున్నాను. 1921 నుంచి 1954 దాకా, 33 ఏళ్లు కుర్చీ ఆయనదే. 1930లో ఉరుగ్వేలో తొలి ప్రపంచకప్ ఆయన హయాంలోనే జరిగింది, తర్వాత ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. బిట్లు తయారుచేసేవాళ్లకు ఇక్కడే పండగ. ‘ఫిఫా తొలి అధ్యక్షుడు ఎవరు?’ అని అడిగి ఆప్షన్లలో రిమెట్‌ను పెడతారు. తెలిసిన పేరు కదా, చెయ్యి అటే పోతుంది. జవాబు రాబర్ట్ గెరిన్. ఇద్దరూ ఫ్రాన్స్‌వాళ్లే కాబట్టి దేశం చూసి ఎలిమినేట్ చేద్దామన్నా కుదరదు.

వూల్‌ఫాల్, సీల్‌డ్రేయర్స్, డ్రూరీ: ఈ ముగ్గురూ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఒక కట్టగా గుర్తుపెట్టుకుంటే చాలు. వూల్‌ఫాల్ 1918లో పోయారు, రిమెట్ ఎన్నికైంది 1921లో. మధ్యలో ఖాళీ అచ్చుతప్పు కాదు.

అసలు మలుపు 1974. అప్పటి అధ్యక్షుడు స్టాన్లీ రౌస్ మామూలు మనిషి కాదు, రిఫరీగా పనిచేసి 1938లో ఆట నిబంధనలను తిరగరాసినాయన. అలాంటాయన్ని అధ్యక్ష ఎన్నికలో బ్రెజిల్‌కు చెందిన హావెలాంజ్ ఓడించారు. ప్రపంచకప్‌లో మాకూ చోటు కావాలన్న ఆఫ్రికా, ఆసియా దేశాల ఓట్లే ఆయన బలం. ఈ కారణం తెలిస్తే జట్ల లెక్క దానంతటదే గుర్తుంటుంది: 16 ఉన్నవి 1982లో 24 అయ్యాయి, 1998లో 32 అయ్యాయి. రెండు నిర్ణయాలూ హావెలాంజ్ కాలంలోవే. 48 మాత్రం తర్వాత అధ్యక్షుడైన ఇన్ఫాంటినో ఖాతా, 2026 నుంచి.

హావెలాంజ్ దగ్గర ప్రధాన కార్యదర్శిగా ఉన్న సెప్ బ్లాటరే 1998లో అధ్యక్షుడయ్యారు. 2015లో అవినీతి ఆరోపణల మధ్య ఆయన సస్పెండ్ కావడంతో కామెరూన్‌కు చెందిన ఇస్సా హయతు తాత్కాలికంగా బాధ్యతలు చూశారు. 2016 ఫిబ్రవరిలో ఇన్ఫాంటినో వచ్చారు. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ‘ఎన్నికైన’ అన్న మాట ఉందో లేదో రెండుసార్లు చూడండి. ఆ మాట ఉంటే ఐరోపా బయటివారు హావెలాంజ్ ఒక్కరే, లేకపోతే హయతు కూడా లెక్కలోకి వస్తారు.

ఇది అయ్యాక వెంటనే ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) తీయండి. అక్కడా ఇదే ఉచ్చు: ఆ కమిటీని స్థాపించిన కూబర్టినే తొలి అధ్యక్షుడని అందరూ గుర్తు పెట్టేస్తారు, తొలి అధ్యక్షుడేమో గ్రీసుకు చెందిన వికేలాస్.