దవడ కింద బిళ్ల

ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని కోసి తీశారు. డ్రిల్ తిరుగుతున్నంతసేపూ పుండులోకి నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి. వారానికి కుట్లు విప్పారు. పుండు మానింది, ఆ సంగతే మర్చిపోయాను.

రెండు నెలలకు దవడ కింద బిళ్ల కట్టింది. జ్వరం లేదు, నొప్పీ పెద్దగా లేదు. రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడినా కరగలేదు. పైన చర్మం ఊదారంగుకి తిరిగి, ఒకరోజు పగిలి చీము కారింది. చీములో క్రిములున్నాయేమో పెంచి చూసే మామూలు కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు. క్యాన్సరేమోనన్న అనుమానంతో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

మైకోబ్యాక్టీరియం యాబ్సెసస్ అని తేలింది. టీబీ క్రిమికి చుట్టమే కానీ మామూలు టీబీ మందులకు లొంగదు. నీళ్లలో, మట్టిలో బతుకుతుంది.

"ఈమధ్య పళ్లకేమైనా చేయించుకున్నారా?" అని డాక్టరుగారు అడిగేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. డెంటల్ కుర్చీలోని నీటి గొట్టాలు చాలా సన్నవట. రాత్రుళ్లు, సెలవు రోజుల్లో నీళ్లు వాటిలోనే నిలిచిపోతాయి. పళ్ల మీద పట్టినట్టే గొట్టం లోపలా పాచి పడుతుంది. ఆ పాచిని మందుతో శుభ్రం చేయకపోతే, అందులోని క్రిములు చిమ్మే నీళ్లతో పాటు నోట్లోకి వస్తాయి. 2016లో కాలిఫోర్నియాలో ఒక క్లినిక్‌లో పాలపళ్లకు వైద్యం చేయించుకున్న పదుల మంది పిల్లలకు ఇదే క్రిమి సోకింది. అది చదివాక నా బాధకంటే ఆ తల్లిదండ్రుల బాధే ఎక్కువగా తలకెక్కింది.

నా దంతవైద్యుడు ఏదీ దాచలేదు. నీళ్లు పరీక్ష చేయించారు. మామూలు వైద్యానికి వాడే నీళ్లలో మిల్లీలీటరుకు 500 కాలనీలకు (క్రిముల గుంపులకు) మించి బ్యాక్టీరియా ఉండకూడదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అక్కడ వేలల్లో ఉంది. పైగా నాది ఎముక కోసిన సర్జరీ. దానికి క్రిములు లేని స్టెరైల్ సెలైన్ గానీ స్టెరైల్ నీళ్లు గానీ వాడాలి, వాడింది కుర్చీ నీళ్లు. ఈ ఒక్క విషయంలో నాకు కోపం ఇంకా పోలేదు.

బిళ్లని ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత నాలుగు నెలలు మందులు. వాటిలో అమికాసిన్ అనే యాంటీబయాటిక్ వినికిడిని దెబ్బతీయొచ్చట, అందుకే దాన్ని నరానికెక్కించినన్నాళ్లూ వినికిడి పరీక్షలు చేస్తూ వచ్చారు. మూడో నెలలో చెవిలో హోరు మొదలైతే ఆపేశారు. హోరు తగ్గింది. ఆ ఆపరేషన్ వల్ల పెదవి మూల మాత్రం నవ్వినప్పుడు ఇంకా కాస్త వంకర పోతుంది.

పోయిన నెల వేరే చోట ఒక పన్నుకి ఫిల్లింగ్ చేయించుకోవాల్సి వచ్చింది. కుర్చీలో కూర్చుని, గొట్టాల్లో నీళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారని అడిగాను. సహాయకురాలు ఫైలు తెచ్చి తేదీ చూపించింది. అప్పుడు నోరు తెరిచాను.