గల్లాపెట్టె పక్క నుంచి చూసిన నల్లగొండ

1991లో పదో తరగతి అయిపోయాక మనలో సగం మంది హైదరాబాద్ పోయారు. కొందరు అమెరికా దాకా పోయారు. నేను ఫార్మసీ చదువుకుని మళ్లీ నల్లగొండకే వచ్చి, క్లాక్ టవర్‌కు దగ్గర్లో మెడికల్ షాపు పెట్టుకున్నాను. కరోనా కాలంలో ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు, తెరిచి ఉన్న కొద్ది షట్టర్లలో నాదొకటి. దూరంగా ఉండి మీరు చూడలేకపోయినవి కొన్ని నేను చూశాను. మన పదో తరగతి బ్యాచ్ సంచికకు ఏదైనా రాయమంటే అవే గుర్తొచ్చాయి.

మన ఊరు ఎప్పుడూ సద్దుమణిగిన ఊరు కాదు. పొద్దున్నే పల్లెల నుంచి వచ్చిన జనం బస్సులు దిగి కలెక్టరేట్‌కో, కోర్టుకో, దవాఖానకో పోయేవాళ్లు. ఏ జెండా ధర్నా అయినా చివరికి క్లాక్ టవర్ దగ్గరికే వచ్చేది. లగ్గాల సీజన్‌లో ప్రకాశం బజార్‌లో సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాల్సిందే. లతీఫ్ సాబ్ గుట్ట మీది దర్గా ఉర్సు రోజుల్లో మెట్ల మీద ఎవరు ముస్లిం, ఎవరు హిందువు అని చూసేవాళ్లే లేరు. మా అమ్మ కూడా మొక్కుకుని ఆ మెట్లు ఎక్కింది.

తొమ్మిదో తరగతిలో సైన్స్ సార్ మనల్ని సైకిళ్ల మీద పానగల్లు తీసుకుపోయిన రోజు ఎంతమందికి గుర్తుందో. ఉదయసముద్రం చెరువు కట్ట మీద సద్దులు తిని, ఛాయా సోమేశ్వరాలయంలోకి పోయాం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఉంటుంది. పొద్దున చూసినా, సాయంత్రం చూసినా అక్కడే ఉంటుంది. సార్ మనల్ని ఒక్కొక్కరినీ ఒక్కో స్తంభం దగ్గర నిలబెట్టి "ఇది ఏ స్తంభం నీడనో చెప్పుండ్రి" అన్నారు. ఎవరం చెప్పలేకపోయాం. ఎండ నేరుగా లోపల పడదనీ, చుట్టూ పరుచుకున్న వెలుతురే స్తంభాల మధ్య నుంచి వస్తుందనీ, అందుకే సూర్యుడు జరిగినా నీడ జరగదనీ నేల మీద సుద్దముక్కతో గీసి చూపించారు. తొమ్మిది వందల ఏళ్ల కింద కందూరు చోడుల కాలంలో ఇది కట్టినోళ్లకు మనకంటే ఎక్కువ సైన్స్ తెలుసు బిడ్డా అన్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదివిన మిత్రులకు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గోధుమ రంగుకు తిరిగి ఉండేవి. వాళ్లలో ఒకడు నవ్వు వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. సార్ ఒకరోజు రెండు బకెట్లు తెప్పించి, పటికా సున్నం బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి చేసి చూపించారు. ఆ పద్ధతికి దేశమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుందని ఆయన చెప్తే, మన ఊరి పేరు అలా పుస్తకాల్లోకి ఎక్కినందుకు ఆ మిత్రుడు మాత్రం సంతోషపడలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తే.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ తర్వాత ఊరు ఇక తెరుచుకోలేదు. 25న ఉగాది వచ్చిందంటే వచ్చింది, వేపపువ్వు కోసం మా ఆవిడ మేడ మీద నుంచే పక్కింటి కొమ్మ వంచుకుంది. పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లయ్యాక ఆగిపోయాయి. షాపు ముందు సున్నంతో గుండ్రాలు గీశాం. మూడు పొరల మాస్కు పది రూపాయలకు మించి అమ్మొద్దని ఆర్డర్ వచ్చింది, కానీ అమ్మడానికి మాస్కులే లేవు. ఏప్రిల్‌లో, జ్వరం, దగ్గు, జలుబు మందులు కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు, అడ్రసు రాసి పెట్టుకోవాలన్నారు. పేరు రాయాలనగానే కొందరు గోలీలు కౌంటర్ మీదే వదిలేసి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లను తప్పు పట్టలేను. పేరు రాస్తే అంబులెన్స్ వచ్చి ఎత్తుకుపోతుందని భయం.

ఒకరోజు ఆ గుండ్రాల వరుసలో ఆరో మనిషిగా సార్ నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన వయసు, ఏప్రిల్ ఎండ. నేను బయటికి పరుగెత్తి "సార్, మీరు ముందుకు రండి" అంటే, "లైన్ల ఉన్న గదా, నా వంతు రానీ" అన్నారు. వంతు వచ్చాక మేడమ్‌కు జ్వరం గోలీలు తీసుకుని, రిజిస్టర్‌లో పేరు తనే రాశారు. నేను చేత్తో వంకరగా గీసిన గళ్లు చూసి "స్కేల్ లేదా?" అని అడిగారు. స్కేల్ ఇస్తే కౌంటర్ దగ్గరే నిలబడి తర్వాతి రెండు పేజీలకు గీతలు గీసి ఇచ్చారు. వెనక నిలబడ్డవాళ్లెవరూ ఒక్క మాట అనలేదు. వాళ్లలో ఇద్దరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే.

అదే నెలలో మునుగోడు మిత్రుడు ట్రాలీ ఆటోలో బత్తాయిలు తెచ్చాడు. ఢిల్లీకి పోవాల్సిన కాయ, లారీ దొరకక తోటలోనే రాలిపోతోందన్నాడు. మాస్కు మీద కళ్లు మాత్రమే కనిపిస్తున్నా నేను గుర్తుపట్టాను. "ఇప్పుడు అందరు నా లెక్కనే నోరు మూసుకున్నరు అన్నా" అన్నాడు. షాపుకు వచ్చినవాళ్లకు ఊరికే ఇవ్వమని ఆరు బస్తాలు దించి పోయాడు.

మొదటి ఏడాది మనకు జరిగింది భయమే. ప్రాణాలు పోవడం రెండో ఏడాది. 2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. ఆ నాలుగు గంటల్లో ఊరంతా ప్రకాశం బజార్‌లోనే ఉన్నట్టుండేది. పది దాటాక షాపులో నేనూ, మోగుతున్న ఫోనూ. అందరిదీ ఒకటే అడగడం: ఆక్సిమీటర్ ఉందా, సిలిండర్ ఎవరి దగ్గరైనా దొరుకుతుందా.

సార్‌కు కూడా వచ్చింది. ఇంట్లోనే ఉన్నారు. పొద్దున, రాత్రి ఫోన్ చేసి ఆక్సిజన్ రీడింగ్ చెప్పేవారు, నేను రాసుకునేవాణ్ని. 96. 95. 95. 93. ప్రయోగం ఫలితాలు చెప్పినట్టే చెప్పేవారు, గొంతులో తడబాటు ఉండేది కాదు. 90 అన్న రాత్రి మన బ్యాచ్ గ్రూపులో పెట్టాను. తెల్లారేలోపు ఇరవై మంది ఫోన్లు చేసి హైదరాబాద్‌లో బెడ్ పట్టారు. అమెరికాలో ఉన్నవాళ్లకు అప్పుడు పగలు, వాళ్లే ఎక్కువ వెతికారు. అది మాత్రం నేను మరిచిపోను. తొమ్మిదో రోజు సార్ పోయారు. ఊరికి తేలేదు. అక్కడే నలుగురు ఉండి కాష్టం పెట్టారు. ఇన్ని వేల మందికి చదువు చెప్పిన మనిషి వెనక నడిచిన విద్యార్థి ఒక్కడు కూడా లేడు.

సంచిక కోసం సార్ చేతిరాత ఎవరి దగ్గరైనా ఉందా అని కమిటీ వాళ్లు అడిగారు. పాత నోట్సులు ఎవరి దగ్గరా మిగల్లేదు. షాపులో ఆ రిజిస్టర్ ఇంకా ఉంది. అడ్రసు, నంబరు ఉన్న చోట తెల్లకాగితం అడ్డం పెట్టి, ఆయన సంతకం, దాని కింద ఆయన స్కేలుతో గీసిన గీతలు కనిపించేలా ఫోటో తీసి పంపాను.