వెల్డూ గాడి ఒక్క పేజీ

సంచికకి ఒక్క పేజీ రాయరా అని కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో మూడోసారి అడిగేక ఇంక తప్పలేదు. తొమ్మిదో తరగతి అసలు గుర్తే లేదు, పదిలో పరీక్షలు రాసినట్టు గుర్తు. ఎనిమిదిలో ఆ మధ్యాహ్నం పీరియడ్ మాత్రం నిన్న జరిగినట్టే ఉంది, ఇంగ్లీష్ మాస్టారు, ఆయన చేతిలో నా కాంపోజిషన్ నోట్సు.

'మై ఫాదర్ ఈజ్ వెల్ టు డూ వెల్డింగ్' అని రాసేను. నాన్న షిప్‌యార్డ్‌లో వెల్డరు కదా, పని బాగా చేస్తాడని నా ఉద్దేశం. మాస్టారు రెండుసార్లు చదివి, మూడోసారి సోడాగాడి చేత చదివించి (ఆ గొంతు మీకు తెలుసు కదా), అప్పుడు కళ్ళజోడు తీసి "ఒరేయ్, ఈ డూ అంటే చెయ్యడం కాదురా, చెయ్యక్కర్లేకపోవడం" అన్నారు.

ఇంక పీరియడంతా అదే. వెల్-టు-డూ అంటే కలిగినోళ్ళు, మన పల్లెల్లో బుగతల్లాగ. టాటా బిర్లాలే అవ్వక్కర్లేదు, నెలాఖరుకి పక్కింట్లో చేబదులు అడక్కుండా హాయిగా గడిచిపోతే చాలు. మనిషికి వాడు, కుటుంబానికి వాడు, ఉన్నోళ్ళుండే పేటకి వాడు, అంతేగానీ రిచ్ లాగ మట్టికీ కేకుకీ వాడకు. వెనకాల ఫ్యామిలీ అని వస్తే మధ్యలో హైఫన్లు రెండు, ఒకటి కాదు. ముందు 'ద' పెట్టి ఊరికే వదిలేస్తే కలిగినోళ్ళందరూ అని, అప్పుడు ఈజ్ కాదు, ఆర్ రావాలి. ఆర్ దగ్గర గుండుగాడు ఏమన్నాడో ఇక్కడ రాయలేను, సంచిక ఇంట్లోవాళ్ళు కూడా చదువుతారు.

ఆ రోజు నుంచి నేను వెల్డూ. ఇప్పటికీ మీలో సగంమంది ఫోన్లలో అదే పేరు, అసలు పేరు కావాలంటే హాజరు పట్టీ వెతుక్కోవాలి.

ఈమధ్య అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. దాని చదువు, ఉద్యోగం గురించి నా చేత చెప్పించకండి, పేజీ చాలదు. మధురవాడలో ఫ్లాటు, దేవుడి దయ వల్ల దాని మీద లోను కూడా పోయిన ఏడాదే తీరిపోయింది. పెళ్ళిళ్ళ పేరయ్య బయోడేటా టైపు చేయించి తెచ్చేడు, అందులో 'వెల్ టు-డూ ఫ్యామిలీ' అని ఉంది. పక్కనే కూర్చున్న నాన్న ఏటిరా అది అన్నాడు. కలిగినోళ్ళమని రాసేడు నాన్నా అన్నాను. మనమేనా, అని ఓసారి ఇల్లంతా చూసేడు.

నేను జేబులోంచి పెన్ను తీసి మొదటి హైఫన్ పెట్టేను.