గ్లాసులో నీళ్లు కదలకూడదు

ఈ బల్ల నేను రెండుసార్లు చేశాను. మొదటిది ఒక్క ఆదివారంలో అయిపోయింది, దాని పని కూడా అలాగే ఏడ్చింది. రెండోదానికి నాలుగు వారాంతాలు పట్టాయి. తూటాలు రీలోడ్ చేసుకునేవాళ్లకు ఏ ప్రెస్ (హ్యాండిల్ లాగి నొక్కే యంత్రం) కొనాలి, ఏ డై (అందులో బిగించే ఉక్కు అచ్చు) కొనాలి అని చెప్పేవాళ్లు బోలెడుమంది. బల్ల దగ్గరికొచ్చేసరికి "గట్టిగా ఉండాలి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గట్టిగా ఉంటే సరిపోదని నాకు ఆలస్యంగా తెలిసింది.

కాగితపు టార్గెట్ల మీద కాల్చడం నా సరదా. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని కేస్ అంటాం. అది పారేసే వస్తువు కాదు. దానికి కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత) పెట్టి, తుపాకీ మందు కొలిచి పోసి, పైన బుల్లెట్ కూర్చోబెడితే మళ్లీ తూటా అవుతుంది. బుల్లెట్ అంటే ఎగిరిపోయే ముక్క ఒక్కటే, తూటా అంటే ఆ నాలుగూ కలిసిన సరుకు. బయట రెండిటినీ ఒకటిగా అనేసినా నష్టం లేదు గానీ, బల్ల దగ్గర మాత్రం తేడా తెలియాలి. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా లేదా అన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరు. లైసెన్సు లేకుండా ముట్టుకుంటే నేరమయ్యే చోట్లు ఉన్నాయి. ఆ సంగతి తేల్చుకున్నాకే రంపం పట్టుకోండి.

మొదటి బల్లను రాతబల్ల లెక్కలో చేశాను. ఎత్తు 76 సెంటీమీటర్లు, పైన ఒక్క పొర 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కాళ్లకు స్క్రూలు. చేత్తో తట్టి చూసుకుని మురిసిపోయాను. అంచున ప్రెస్ బిగించి, రైఫిల్ కేస్ ఒకటి పెట్టి హ్యాండిల్ కిందికి లాగాను. కేస్ సగం దూరం వెళ్లి ఆగింది. ఇంకాస్త బలం పెట్టేసరికి బల్ల వెనక కాళ్లు నేల విడిచి లేచి, నేను చెయ్యి వదలగానే దబ్బున కూలబడ్డాయి. పక్క గదిలోంచి మా ఆవిడ "ఏం పడిందండీ?" అంది. "పడలేదు, లేచింది" అన్నాను.

ఎందుకు లేచిందో కాగితం మీద గీసుకుంటే గానీ అర్థం కాలేదు. కాల్చినప్పుడు కేస్ ఉబ్బి తుపాకీ ఛాంబర్ గోడలకు ఆనుకుంటుంది. దాన్ని మళ్లీ సైజుకు తేవాలంటే ఉక్కు డైలోకి తోయాలి. ప్రెస్ హ్యాండిల్ మన చేతిబలాన్ని చాలా రెట్లు చేసి ఆ పని చేస్తుంది. అయితే ఆ పెద్ద బలం ప్రెస్ ఫ్రేములోనే పుట్టి అక్కడే తీరిపోతుంది. బల్లకు తగిలేది మన చెయ్యి లాగే లాగుడు. అదేమీ తక్కువ కాదు, ఎందుకంటే అది బల్ల అంచుకు కూడా అవతల తగులుతుంది. ఊగుడుబల్లకు ఇరుసులాగా ముందు కాళ్లు మధ్యలో ఉంటాయి. ప్రెస్, నా చెయ్యి ఒక పక్క, మిగతా బల్ల బరువంతా ఇంకో పక్క. ప్లైవుడ్ తేలిక కాబట్టి నేనే గెలిచాను.

అంతటితో అయిపోదు. కేస్ డైలోంచి బయటికి వచ్చేటప్పుడు లోపలున్న ఎక్స్‌పాండర్ (కేస్ మెడను లోపలినుంచి సరైన వెడల్పుకు తెచ్చే ఉక్కు గుండు) మెడలోంచి గీసుకుంటూ వస్తుంది. అప్పుడు హ్యాండిల్‌ను పైకి ఎత్తాలి, బల్లకు ఎదురు దిశలో లాగుడు తగులుతుంది. కేసుకు రెండు దెబ్బలు. వంద కేసులు చేసేసరికి స్క్రూలు చెక్కలో వాటి ఇల్లు వాటంతట అవే వెడల్పు చేసుకున్నాయి. (కేసులకు లూబ్, అంటే జారుడు పూత, సరిగ్గా రాయకపోతే ఆ లాగుడు ఎన్నో రెట్లవుతుంది. ఒక కేస్ డైలో ఇరుక్కుని, దాన్ని ఊడదీయడానికి నాకు ఒక సాయంత్రం పోయింది. అందులో బల్ల తప్పేమీ లేదు, నా బద్ధకమే.)

రెండో బల్లకు 90 మిల్లీమీటర్ల చదరపు కాళ్లు తీసుకున్నాను. అడ్డకర్రలు కాళ్లలోకి సగం దిగేలా ఉలితో గాడి కొట్టి, జిగురు పెట్టి, బోల్టులు వేశాను. పై పలకకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు. మధ్యలో జిగురు పూసి, పైన రంగు డబ్బాలూ పాత పుస్తకాలూ పేర్చి రాత్రంతా వదిలేశాను. 36 మిల్లీమీటర్ల ఒకే పలక అయింది. వెడల్పు 60 సెంటీమీటర్లు, పొడవు 150.

ఎత్తు విషయంలో ఎవరి మాటా వినకండి, మీ మోచెయ్యి మాట వినండి. 76 సెంటీమీటర్ల దగ్గర 200 కేసులు చేశాక నా నడుము చెప్పింది విన్నాను. ఈసారి కట్టకముందే పాత బల్ల కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి, ప్రెస్ బిగించి, ఎత్తు మార్చి మార్చి చూశాను. హ్యాండిల్ పైన ఉన్నప్పుడు భుజం లేవకూడదు, కిందికి వచ్చినప్పుడు నేను వంగకూడదు. నాకు 94 సెంటీమీటర్ల దగ్గర కుదిరింది. నిలబడి సైజింగ్ చేస్తాను, ఎత్తు స్టూలు వేసుకుని బుల్లెట్లు కూర్చోబెడతాను.

ఇంత కొలుచుకున్నవాణ్ని ఒకచోట బోల్తా పడ్డాను. అందం కోసం ముందు అంచుకు ఆనించి 10 సెంటీమీటర్ల అడ్డపట్టీ వేశాను. తీరా ప్రెస్ పెట్టి చూస్తే, కేసును డైలోకి తోసే కడ్డీని, అంటే రామ్‌ను నడిపించే లింకులు బల్ల అంచు కిందికి దిగి వచ్చి ఆ పట్టీకే తగులుతున్నాయి. బోల్టుకు నట్టు తిప్పడానికి కూడా చోటు లేదు. జిగురు ఆరిపోయింది. గంటసేపు తల పట్టుకుని కూర్చుని, ఆఖరికి ప్రెస్ పట్టేంత మేర పట్టీని కోసేశాను. ఆ కోత ఇప్పటికీ వంకరగానే కనిపిస్తుంది. మీరు చేసేటప్పుడు అంచును 7 సెంటీమీటర్లు కాళ్ల ముందుకు తెచ్చి, పట్టీని కాళ్ల వరసలోనే ఆపేయండి. ప్రెస్‌ను మాత్రం కాలు పక్కనే పెట్టండి. పలక మధ్యలో పెడితే, ఎంత మందమైనా వంగుతుంది.

ప్రెస్‌కు స్క్రూలు మానేసి, పలకలోంచి ఇటునుంచి అటు దిగే బోల్టులు వేశాను. కింద వాషర్లకు బదులు 5 మిల్లీమీటర్ల ఇనప పలక ఒకటి పెడితే, లాగుడు నాలుగు చుక్కల దగ్గర కాకుండా పలకంతా పరుచుకుంటుంది. ఇక బరువు. కింది అరలో ఇసుక సంచులు పెడదామనుకున్నాను గానీ అవసరం పడలేదు. తూటాల పనిలో బరువులన్నీ గ్రెయిన్లలో ఉంటాయి, ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. 124 గ్రెయిన్ల బుల్లెట్లు 500 ఉన్న డబ్బా నాలుగు కిలోలు తూగుతుంది. అలాంటివి పది పేర్చితే 40 కిలోలు. కొన్న సరుకే కాపలా కాస్తుంది. కాకపోతే వాడుతున్నకొద్దీ బల్ల తేలికవుతుంది కదా! అందుకని వెనక అంచును రెండు బ్రాకెట్లతో గోడకు బిగించాను.

ఇక్కడే అసలు కథ మొదలైంది.

ఇప్పుడు బల్ల కొండలా ఉంది. హ్యాండిల్‌కు వేలాడినా కదలదు. నాకు ఎదురుగా ఉన్న గోడకు చిన్న అర కొట్టి, దాని మీద త్రాసు పెట్టాను. మందు తూచే త్రాసు 0.1 గ్రెయిన్ చూపిస్తుంది, అంటే దాదాపు ఆరున్నర మిల్లీగ్రాములు. పిస్తోలు తూటాలో ఐదు గ్రెయిన్ల మందు పోస్తే అందులో 0.1 అంటే రెండు శాతం. అంత సున్నితమైన దాన్ని బల్ల మీద పెట్టకూడదని తెలుసు కాబట్టే గోడకు పెట్టాను. తీరా చూస్తే త్రాసు ముల్లు ఒక్కచోట నిలవదు. ఫ్యాన్ ఆపాను, కిటికీ మూశాను. బల్లకు బిగించిన, మందు కొలిచి పోసే గొట్టం హ్యాండిల్ టకటకమని కొట్టినప్పుడల్లా ముల్లు ఊగుతూనే ఉంది.

త్రాసు పక్కన గ్లాసులో నీళ్లు పెట్టి చూశాను. బల్ల మీద చేత్తో తట్టగానే నీటి మీద సన్నటి వలయాలు. బల్లను నేనే గోడకు కట్టాను, త్రాసునూ అదే గోడకు కట్టాను. అది పలచటి గోడ. ప్రెస్ దెబ్బ బల్లలోంచి బ్రాకెట్లకు, అక్కడి నుంచి గోడకు, గోడలోంచి అరకు నేరుగా వెళ్తోంది. బల్లను ఎంత గట్టిగా కడితే కుదుపు అంత శుభ్రంగా త్రాసుకు చేరుతోంది. నేను నాలుగు వారాంతాలు కష్టపడి కట్టింది కుదుపును మోసే ఒక మంచి తీగ అన్నమాట.

అరను ఊడదీసి మూలలో, పక్క గోడకు, నా కంటి ఎత్తున పెట్టాను. ముల్లుతో ఉండే త్రాసును పైనుంచో కిందినుంచో చూస్తే గీత తప్పుగా కనిపిస్తుంది, అందుకే కంటి ఎత్తు. అర కింద మందపాటి రబ్బరు ముక్క, పైన రసమట్టం పెట్టి సరిచూసుకోవడం. మళ్లీ గ్లాసు పెట్టి, ఒక కేస్ సైజింగ్ చేసి చూశాను. నీళ్లు కదల్లేదు.

మిగతావి చకచకా చెప్పేస్తాను, ఒక్క వెలుతురు తప్ప. నడినెత్తిన ఒకే లైటు ఉంటే మన తల నీడే పనిమీద పడుతుంది. మందు పోసిన కేసులు 50 గుంటల చెక్క బ్లాకులో నిలబడి ఉంటాయి. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ తొంగి చూసి మందు మట్టం సమానంగా ఉందా అని చూడాలి. చాలా పిస్తోలు కేసుల్లో కొలతకు రెండింతల మందు పోసినా పొంగదు, లోపల ఇమిడిపోతుంది. తుపాకీ పేలిపోవడానికి అది చాలు. అసలు పోయకపోతే ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, అది తెలియక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ చీలిపోవచ్చు. అందుకే వంగే మెడ ఉన్న చిన్న లైటును బ్లాకు మీదికి వాలేలా పెట్టాను. ఖాళీ కేసులు ఎడమ పక్క బోర్లా, మందు పోసినవి కుడి పక్క నిటారుగా. ఈ ఎడమ కుడి నియమం కోసమే బల్ల పొడవు 150 చేశాను. పొట్టి బల్ల మీద ఇవి కలిసిపోతాయి.

బల్ల మీద ఒకేసారి ఒకే మందు డబ్బా. ఒకరోజు పని మధ్యలో ఫోన్ వచ్చి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గొట్టంలో ఉన్నది ఏ మందో తెలియలేదు, ఎందుకంటే బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. రంగు చూసి, వాసన చూసి పోల్చడం కుదరదు. ఊహించే ప్రశ్నే లేదు, మొత్తం పక్కన పెట్టి పనికిరానిదిగా వదిలించుకున్నాను. ఇప్పుడు పని ఆగితే గొట్టంలోది దాని డబ్బాలోకే వెళ్తుంది. మందును బిగించిన ఇనప పెట్టెలో దాచడం మంచిదనుకునేవాణ్ని. అది తిరకాసు ఆలోచన. పొగలేని మందు బయట అంటుకుంటే భగ్గున మండుతుంది, గట్టి పెట్టెలో బంధిస్తే ఆ పెట్టెనే బాంబు చేస్తుంది. చెక్క అలమరా, దానికి తాళం, అదీ బల్లకు దూరంగా. ప్రైమర్లు కంపెనీ ఇచ్చిన అట్టపెట్టెలోనే ఉంటాయి. సీసాలోకి ఒంపితే, ఒకటి పేలినా చాలు, మిగతావాటినీ పేల్చేస్తుంది.

పాత ప్రైమర్లు ప్రెస్ కిందినుంచి గొట్టం గుండా సీసాలోకి పడేలా పలకకు రంధ్రం వేశాను. వాటిని ఒక్క పిన్నుతో పొడిచి తీయగలగడం బాక్సర్ ప్రైమర్ పుణ్యం, దానికి కేసు మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. బెర్డన్ రకానికి సాధారణంగా రెండుంటాయి, పిన్ను దిగదు. తమాషా ఏమిటంటే బాక్సర్ ఇంగ్లండువాడు, ఆయన ప్రైమర్ అమెరికాలో పాతుకుపోయింది. బెర్డన్ అమెరికావాడు, ఆయనది యూరప్‌లో.

పైన తెల్లటి సన్‌మైకా అతికించాను, మెరుపు లేని రకం. ఒలికిన మందు గింజ, దొర్లిన ప్రైమర్ వెంటనే కనిపిస్తాయి, తడిగుడ్డతో తుడిస్తే సీసపు ధూళి పోతుంది. మందు ఒలికితే బ్రష్షూ చేటా వాడతాను గానీ వాక్యూమ్ పెట్టను, దాని మోటారు నిప్పురవ్వ చాలు. తిండి, టీ కప్పు ఆ గదిలోకి రావు. నేల మీద తివాచీ తీసేశాను.

సొరుగులు ఇంకా పెట్టలేదు. చెక్క కోసి గోడకు ఆనించి ఉంది. గ్లాసు మాత్రం ఆ అర మీదే ఉండిపోయింది. నిన్న మా ఆవిడ దాన్ని చూసి "దీన్ని కడిగెయ్యమంటారా?" అని అడిగింది. ఉండనీ అన్నాను.