సుంకి ఘాటీ ఎక్కే ముందు హెల్మెట్టు పట్టీ ఒకసారి చూసుకోండి

సాలూరు నుంచి ఒడిశాలోని పొట్టంగి వైపు ఎక్కే ఘాటీ దారిలో సుంకి దగ్గర సరిహద్దు చెక్ గేటు కనబడగానే, అప్పటిదాకా ట్యాంకు మీదో మోచేతికో ఉన్న హెల్మెట్టు తల మీదకు వస్తుంది. గేటు దాటాక కొందరు తీసేస్తారు. కొందరు ఉంచుకుంటారు గానీ, పట్టీ గెడ్డం పక్కన గాలికి కొట్టుకుంటూనే ఉంటుంది. పాతపట్నం, పర్లాకిమిడి మధ్యా ఇంతే, ఇచ్ఛాపురం, బరంపురం మధ్యా ఇంతే. ఈ పోస్టు ఎక్కువగా ఆ పట్టీ గురించే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో హెల్మెట్టు అంటే ఏమిటో చెప్పినచోటే, అది పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలని కూడా రాసుంది. అంటే పట్టీ పెట్టకపోతే చట్టం లెక్కలో హెల్మెట్టు లేనట్టే. 194డి సెక్షన్ కింద దానికి 1000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సు పోవడం. సరిహద్దుకి ఇటూ అటూ చట్టం ఒక్కటే.

జరిమానా సంగతి అలా ఉంచి, తల సంగతి చూద్దాం. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకి సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. బండి ఆగి ఉండగానే పక్కకి ఒరిగి పడినా, తల నేలకి తగిలేసరికి గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అందుకే 'నెమ్మదిగానే వెళ్తున్నాను, ఊళ్ళోకే కదా' అన్న మాట తల విషయంలో పనికిరాదు. ఇక 40 వేగంతో వెళ్తూ తల నేరుగా రాయికో స్తంభానికో కొట్టుకుంటే, ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల డాబా మీంచి తలకిందులుగా పడ్డట్టు లెక్క.

హెల్మెట్టు ఆ దెబ్బని ఎలా తీసుకుంటుందో తెలిస్తే కొనేటప్పుడు మోసపోం. పైనున్న గట్టి డిప్ప దెబ్బని ఒకే చోట పడనీయకుండా నలుదిక్కులా పంచుతుంది, తల రోడ్డు మీద జారిపోనిస్తుంది. అసలు పని లోపలున్న మందపాటి థర్మాకోల్ పొరది. అది నలుగుతూ, తల ఆగడానికి ఇంకొన్ని క్షణభాగాల సమయం ఇస్తుంది. ఆ కాస్త తేడాలోనే మెదడు పుర్రెకి కొట్టుకునే జోరు తగ్గుతుంది. థర్మాకోల్ ఒకసారి నలిగితే మళ్ళీ ఉబ్బదు. కాబట్టి పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి గీత ఒక్కటే కనబడినా, దాని పని అయిపోయింది.

రోడ్డు పక్క గొడుగు కింద వేలాడదీసి అమ్మేవాటిలో చాలావాటికి ఈ పొరే ఉండదు. కొనేముందు లోపలి గుడ్డ మెత్తని కొంచెం పైకి లేపి, బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి దిగి మళ్ళీ పైకి లేస్తే అది స్పాంజి. ఎండకి, దుమ్ముకి తప్ప దేనికీ అడ్డం కాదు. గట్టిగా, దగ్గరి పూసలతో తగిలితే థర్మాకోల్. తర్వాత ఐఎస్ఐ గుర్తు చూడండి. దాని పైన హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉండాలి. గుర్తు ఒక్కటే ఉండి నంబరు లేకపోతే వదిలేయండి. నంబరుంటే, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూడండి, ఆ లైసెన్సు ఏ కంపెనీదో, ఏ వస్తువుదో వస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని హెల్మెట్టు తయారుచేయడం, అమ్మడం రెండూ నేరమే.

సైజు దగ్గర చాలామంది తప్పుతారు. ఎం, ఎల్ అనే అక్షరాలు ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. ఇంట్లో టైలరు టేపు తీసుకుని, కనుబొమలకి వేలెడు పైనుంచి, చెవుల పైగా, వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా చుట్టి కొలవండి. ఆ సెంటీమీటర్లని హెల్మెట్టు మీద రాసిన మిల్లీమీటర్లతో సరిపోల్చండి. 58 వస్తే 580. కొత్తది పెట్టుకుంటే బుగ్గలు కొంచెం నొక్కుకుపోవాలి. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దాంతోపాటే కదలాలి. హెల్మెట్టు తిరిగి ముఖం తిరగకపోతే అది పెద్దది. కొట్లోనే పది నిమిషాలు పెట్టుకుని ఉండండి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే అది మీ తల ఆకారానికి కుదరలేదన్నమాట, వేరే మోడల్ చూడాలి. బుగ్గల దగ్గరి బిగువు మాత్రం నెల రెండు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. మొదటిరోజే హాయిగా ఉన్నది అప్పటికి వదులైపోతుంది.

సైజు సరిగ్గా ఉన్నా దాన్ని పాడుచేసేవి మన ప్రాంతంలో మూడున్నాయి. ఎండాకాలం తలకి చుట్టే తువ్వాలు, కోరాపుట్ చలిలో వేసుకునే ఊలు మంకీ క్యాపు, ఆడవాళ్ళ కొప్పు. తువ్వాలు, క్యాపు నలిగి జారతాయి, వాటితోపాటు హెల్మెట్టూ జారుతుంది. చెమటకీ చలికీ కూడా తలనుంచి మెడదాకా వచ్చే పల్చటి నూలు తొడుగు చాలు, రోజూ ఉతుక్కోవచ్చు. కొప్పుంటే హెల్మెట్టు కిందిదాకా దిగదు, నుదురంతా బయటే ఉండిపోతుంది. జుట్టుని మెడ దగ్గర కిందకి జడవేసుకుంటే సరిగ్గా కూర్చుంటుంది. పూలు పెట్టుకున్నా జడ చివరికి దగ్గరగా పెట్టుకోవాలి.

ఇక పట్టీ. క్లిప్పు 'టక్'మని పడ్డాక గెడ్డం కింద రెండు వేళ్ళు మాత్రమే పట్టాలి, పిడికిలి పట్టకూడదు. బిగించాక వెనక అంచు పట్టుకుని పైకీ ముందుకీ గట్టిగా లాగండి. కళ్ళ మీదికి దొర్లి ఊడివస్తే, పడ్డప్పుడూ అలాగే ఊడుతుంది. పడినప్పుడు తల ఒక్కసారే తగలదు. మొదటి దెబ్బకి హెల్మెట్టు ఎగిరిపోతే రెండో దెబ్బ ఒట్టి తలకే. వాడగా వాడగా క్లిప్పు పళ్ళు అరిగి లాగితే జారతాయి, అందుకే నెలకోసారైనా ఈ లాగుడు పరీక్ష చేయాలి. రెండు లోహపు రింగుల్లోంచి పట్టీ దూర్చి బిగించేది ఇంకా నమ్మకం, వాడకం అలవాటు కావడానికి వారం పడుతుంది, అంతే.

డిప్పని పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడవకండి, రంగులు కొట్టకండి. ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది. బండి అద్దానికి బోర్లించి తగిలిస్తే ఆ మొన థర్మాకోల్‌లో గుంట పెడుతుంది. ఏ దెబ్బా తగలకపోయినా ఐదేళ్ళకి మార్చడం మంచిది.

గెడ్డం దాకా మూసే హెల్మెట్టే కొనండని నా గట్టి మాట. సగం హెల్మెట్టు దవడనీ పళ్ళనీ ముక్కునీ వదిలేస్తుంది. 'ఊపిరాడదు, అద్దం మీద పొగ పడుతుంది' అంటారు. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట పొట్టంగి, సెమిలిగుడ దారిలో అది నిజమే. మన ఊపిరిలో వెచ్చటి తడి చల్లటి అద్దానికి తగిలి నీటిచుక్కలవుతుంది. పైన గాలి రంధ్రాలు తెరిచి, అద్దాన్ని ఒక గాడి మాత్రం పైకెత్తండి. లోపలివైపు గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు ఒక్క చుక్క పల్చగా రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడిస్తే ఓ పూట పొగ పట్టదు. లోపల రెండో పొర అద్దం అతికించుకునే వీలున్న మోడల్ అయితే అది వేయించుకోవడమే మేలు. నల్ల అద్దం పగటికే. చీకటి పడ్డాక వాడకూడదు. గీతలు పడ్డ అద్దానికి ఎదురు లారీ లైటు తగిలితే వెలుగంతా చెదిరి దారే కనబడదు, కొత్త అద్దం కొనేయండి. ఎండిపోయిన పురుగుల మీద తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచాక తుడిస్తే గీతలు పడవు.

పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే చాపుతారు, అది ఆపలేం. కోతల కాలంలో తార్రోడ్డు మీద చోళ్ళూ వరిగడ్డీ పరుస్తారు కదా, వాటి మీద బ్రేకు వేస్తే 25 వేగంలోనే బండి జారుతుంది, అరచేతి తోలు రోడ్డుకి అంటుకుపోతుంది. గ్లౌజులు కొనేటప్పుడు మణికట్టు దగ్గర పట్టీ, అరచేతిలో మణికట్టుకి ఆనుకున్న చోట గట్టి ప్లాస్టిక్ బిళ్ళ ఉన్నవి తీసుకోండి. ఆ బిళ్ళ చేతిని రోడ్డుకి పట్టేసుకోనీయకుండా జార్చుతుంది, దాంతో మణికట్టు ఎముక మీద బరువు తగ్గుతుంది. ఎండకి వేసుకునే పల్చటి గుడ్డ గ్లౌజులు పడ్డప్పుడు పనికిరావు.

జాకెట్టంటే బరంపురం ఉక్కలో ఎవరికైనా భయమే. ఎండాకాలానికి వల జాకెట్టు వేరే దొరుకుతుంది, బండి కదిలితే గాలి ఒంటిదాకా వస్తుంది. లోపల భుజాలకీ మోచేతులకీ ఉన్న ప్యాడ్ల మీద యూరోపు ప్రమాణం నంబరు ఈఎన్ 1621-1 అని, వీపుది అయితే 1621-2 అని రాసుంటుంది. లెవెల్ 1 కంటే 2 దెబ్బని బాగా ఆపుతుంది. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఒట్టి స్పాంజి ముక్క పెట్టి ఇస్తారు. జిప్పు తీసి చూసి, అసలు ప్యాడు విడిగా కొనాలి. జాకెట్టు వదులుగా ఉంటే పడ్డప్పుడు మోచేతి ప్యాడు పక్కకి జరిగిపోతుంది, చేతి పట్టీలు బిగించుకోండి. జీన్సు ప్యాంటు రోడ్డు మీద రెప్పపాటులో చిరుగుతుంది. ప్యాంటు మీంచి కట్టుకునే మోకాలి గార్డులు చవకే, దూరం వెళ్ళేటప్పుడైనా పెట్టుకోండి.

కాళ్ళకి చెప్పులొద్దు. బండి పక్కకి పడితే చీలమండ దాని కిందే పడుతుంది. చీలమండ మూసేలా ఉండే గట్టి బూట్లు కావాలి, లేసులు లోపలికి దోపేయాలి.

వెనక కూర్చున్నవాళ్ళ చేతిలో బండి హ్యాండిల్‌బారు కూడా ఉండదు, వాళ్ళకి హెల్మెట్టు ఇంకా అవసరం. నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ చట్టప్రకారం తప్పనిసరి. అంతకంటే చిన్నవాళ్ళకి, 9 నెలల నుంచి 4 ఏళ్ళదాకా, 2023 ఫిబ్రవరి నుంచి హెల్మెట్టూ, నడిపేవాళ్ళకి కలిపి కట్టే బెల్టూ ఉండాలి. అంత చిన్నపిల్లలతో వెళ్తే వేగం 40 దాటకూడదు. చీర కట్టుకున్నవాళ్ళు కూర్చునే బండికి శారీగార్డు తీసేసి అందం చూసుకోవడం మంచిది కాదు. వెనక చక్రం సగమైనా మూయాలని నిబంధన ఉంది. కొంగూ చున్నీ ముందుకి తెచ్చి నడుముకి దోపాకే బండి కదిలించాలి. వానాకాలం రెయిన్‌కోటుకీ ఇదే జాగ్రత్త. వేలాడే అంచు చైనులో పడుతుంది, సైలెన్సరుకి తగిలి కరుగుతుంది. ముదురు నీలం కంటే పసుపు కోటు మబ్బులో దూరంనుంచే కనబడుతుంది.

ఘాటీలో ఎవరైనా పడి ఉంటే హెల్మెట్టు గబుక్కున లాగేయకండి, మెడ ఎముక విరిగి ఉండవచ్చు. 108కి ఫోన్ చేయండి, ఆంధ్రాలోనూ ఒడిశాలోనూ అదే నంబరు. మనిషి మాట్లాడుతూ, ఊపిరి బాగా తీసుకుంటూ ఉంటే అద్దం పైకెత్తి, తల కదలకుండా పట్టుకుని అలాగే ఉంచండి. ఊపిరాడకపోతేనో, వాంతి నోట్లో నిండితేనో తీయక తప్పదు, అప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు తలవైపు మోకాళ్ళ మీద కూర్చుని హెల్మెట్టుని రెండు పక్కలా కదలకుండా పట్టుకోవాలి. రెండోవారు పట్టీ విప్పి, ఒక చేయి దవడ కింద, ఒక చేయి మెడ వెనక పెట్టి తల బరువు మోయాలి. అప్పుడు మొదటివారు అంచులు రెండువైపులా వెడల్పు చేస్తూ నెమ్మదిగా తిన్నగా లాగాలి, ముక్కు దగ్గర హెల్మెట్టునే కొంచెం వెనక్కి వంచాలి, తలని కాదు. హెల్మెట్టు వచ్చాక మొదటివారు చెవుల మీదుగా తలని రెండు చేతులతో పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా వదలకూడదు. కేసు భయంతో ఆగేవాళ్ళున్నారు. సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదని 2019లో చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని దాని కింద 2020లో నిబంధనలు వచ్చాయి.